బేస్‌బాల్ టీమ్ రాబోయే 5 ఏళ్ళ జీతాల లెక్క, రోస్టర్ (ఆటగాళ్ళ జాబితా) ప్లాన్ మనమే వేసుకోవడం ఎలా? రేంజర్స్ ఉదాహరణతో స్టెప్ బై స్టెప్

2023 అక్టోబర్‌లో టెక్సస్ రేంజర్స్ అమెరికన్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ గెలిచినప్పుడు ఎంవీపీ (సిరీస్‌లో మేటి ఆటగాడు) అడోలిస్ గార్సియా. ఆ తర్వాతి ఫైనల్, అంటే వరల్డ్ సిరీస్, మొదటి మ్యాచ్‌ని 11వ ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి ముగించింది కూడా అతనే, ఆ బాల్ గోడ దాటినప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంట్లో పిల్లలు నిద్రలేచేంత కేకలు పెట్టాం. సరిగ్గా రెండేళ్ళకి, 2025 నవంబర్‌లో, అదే టీమ్ అతనికి తర్వాతి ఏడాది కాంట్రాక్ట్ ఇవ్వకుండా వదిలేసింది. మా తెలుగు ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఆ రాత్రంతా ఒకటే గోల, వీళ్ళకి డబ్బుల్లేవా, విశ్వాసం లేదా అని. నాకూ బాధేసింది, కానీ ఆశ్చర్యం మాత్రం వెయ్యలేదు, ఎందుకంటే నేను పెట్టుకున్న ఎక్సెల్ షీట్‌లో అతని 2026 గడి అప్పటికి ఏడాదిగా ఎర్రగానే (వదిలేయొచ్చు అనే గుర్తు) ఉంది.

ఆ షీట్ ఎలా వేసుకోవాలో మొదటి నుంచి చెప్తా. మీరు ఏ టీమ్ ఫాలో అయినా, కంప్యూటర్‌లో సిమ్యులేషన్ లీగ్ నడిపినా, ఆటగాళ్ళని ఏళ్ళ తరబడి దగ్గర పెట్టుకునే టైపు ఫాంటసీ ఆడినా ఇదే పద్ధతి పనికొస్తది. ఒక్క విషయం మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. జీతాల ప్లానింగ్ అంటే ఈ ఏడాది ఎంత ఖర్చవుద్ది అనేది కాదు, ఎవరి గడువు ఎప్పుడు తీరుద్ది అనేది. డబ్బు అటూ ఇటూ సర్దుకోవచ్చు, గడువు సర్దుకోలేం.

మనకి ఐపీఎల్ అలవాటు కాబట్టి ఇంకో మాట. 2025 మెగా ఆక్షన్‌కి పర్స్ 120 కోట్లు. సన్‌రైజర్స్ క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, హెడ్‌కీ అభిషేక్ శర్మకీ చెరో 14, మన వైజాగ్ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డికి 6 ఇచ్చి, 75 కోట్లు అక్కడే పెట్టేసి మిగిలిన 45తో ఆక్షన్‌కి వెళ్ళింది. అక్కడ లిమిట్ గట్టిది, దాటడానికి వీల్లేదు, పైగా కొన్నేళ్ళకోసారి పలక తుడిచేసి మళ్ళీ రాస్తారు. అమెరికాలో పై స్థాయి లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఈ రెండూ ఉండవు. లిమిట్ దాటొచ్చు కానీ పన్ను కట్టాలి, పలక మాత్రం ఎప్పటికీ తుడవరు, 2021లో పెట్టిన సంతకం 2031లో కూడా మీ షీట్‌లో అలాగే కూర్చుని ఉంటది.

ఇందులో లెక్కలన్నీ 2025-26 చలికాలం నాటివి.

స్టెప్ 1: షీట్ తెరవండి

అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా ఆటగాళ్ళు. 40-మ్యాన్ రోస్టర్‌లో (టీమ్ తన కింద రాసుకున్న 40 మంది జాబితా) ఉన్న అందరూ ఒక్కో వరుస, మ్యాచ్‌లకి దిగే 26 మంది కాదు, 40 మందీ. పేరు, పుట్టిన సంవత్సరం, సర్వీస్ టైమ్, ఇంకా ఎన్ని ఆప్షన్స్ (కింది లీగ్‌కి పంపే అవకాశాలు, స్టెప్ 5లో చెప్తా) మిగిలాయి, తర్వాత 2026 నుంచి 2031 దాకా ఆరు కాలమ్స్, అంటే మొదటి ఏడాది, ఆపై ఐదేళ్ళు. చాలామంది మూడు కాలమ్స్‌తో ఆపేస్తారు, అది చాలదు, ఎందుకు చాలదో స్టెప్ 6లో తెలుస్తది. వివరాలన్నీ ఇంటర్నెట్‌లో ఫ్రీగానే దొరుకుతాయి, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోద్ది.

ప్రతి గడికీ ఒక రంగు వేయండి. గ్యారంటీ జీతం నీలం, ఆర్బిట్రేషన్ (టీమ్ చేతిలోనే ఉంటూ ఏడాదికోసారి జీతం తేల్చుకునే ఏళ్ళు) పసుపు, కనీస జీతం పచ్చ, ఫ్రీ ఏజెంట్ (ఏ టీమ్‌కైనా వెళ్ళగలవాడు) అయిపోయే ఏడాది ఖాళీ. వదిలేయాల్సి రావచ్చు అనిపించిన గడి ఎరుపు. అంకెలు వేయకముందే, ఉత్త రంగులు చూస్తేనే టీమ్ పరిస్థితి సగం అర్థమైపోద్ది, నిజంగా.

స్టెప్ 2: ప్రతి ఆటగాడి గడియారం

దీని మీద తొందరపడొద్దు, మిగతాదంతా దీని మీదే నిలబడుద్ది. మేజర్ లీగ్ రోస్టర్‌లో ఉన్న ప్రతి రోజూ ఒక సర్వీస్ రోజు. 172 రోజులైతే ఒక సంవత్సరం కింద లెక్క, సీజన్ అంతకంటే రెండు వారాలు ఎక్కువే ఉంటది కానీ ఏడాదికి 172 మించి ఇవ్వరు. షీట్‌లో దీన్ని చుక్క పెట్టి రాస్తారు, 2.045 అంటే రెండేళ్ళ 45 రోజులు, దశాంశం అనుకుని పొరపాటు పడకండి. మూడేళ్ళు పూర్తయ్యేదాకా దాదాపు కనీస జీతమే, మూడు నుంచి ఆరు దాకా ఆర్బిట్రేషన్, ఆరు నిండితే ఫ్రీ ఏజెంట్.

వయాట్ లాంగ్‌ఫర్డ్‌ని తీసుకోండి. 2023 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే చోట) నాలుగో పిక్, అదే ఏడాది రేంజర్స్ కింది స్థాయి టీమ్ అయిన మా ఊరి రఫ్‌రైడర్స్‌లో ఆడాడు, 2024 సీజన్ మొదటి రోజే రేంజర్స్‌లోకి వచ్చేశాడు. అంటే 2024, 25, 26 పచ్చ, 2027, 28, 29 పసుపు, 2029 సీజన్ అయిపోగానే ఖాళీ. అప్పటికి వయసు సరిగ్గా 28 నిండే టైమ్, ఆటగాడికి అంతకంటే మంచి వయసు ఉండదు. ఆ ఖాళీ గడి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ఇందులో ఒక మెలిక ఉంది. మూడేళ్ళు నిండకపోయినా, రెండు మూడేళ్ళ మధ్య ఉండి అంతకుముందు సీజన్‌లో కనీసం 86 రోజులున్న వాళ్ళలో, సర్వీస్ ఎక్కువున్న పై 22 శాతం మందిని సూపర్ టూ అంటారు. వీళ్ళకి ఆర్బిట్రేషన్ మూడు సార్లు కాదు నాలుగు సార్లు, అంటే ఒక పచ్చ గడి పసుపు అవుద్ది. మంచి బ్యాటర్ అయితే ఆ ఒక్క రంగు మార్పుకే మొత్తం మీద చాలా మిలియన్ డాలర్ల తేడా వస్తది.

కుర్రాడిని కొన్ని రోజులు మైనర్స్‌లో (కింది స్థాయి లీగ్‌ల్లో) ఆపి ఒక ఏడాది అదనంగా దక్కించుకోవడం సంగతి కూడా చెప్పాలి. 2015లో షికాగో కబ్స్ టీమ్ వాళ్ళు క్రిస్ బ్రయంట్‌ని ఏప్రిల్ 17న పిలిచారు, ఆ సీజన్ చివరికి అతనికి పడింది 171 రోజులు. ఒక్క రోజు తక్కువ. దాంతో ఫ్రీ ఏజెన్సీ ఏడాది వెనక్కి పోయింది, అతను ఫిర్యాదు చేసినా 2020లో ఓడిపోయాడు. ప్లేయర్లకీ ఓనర్లకీ మధ్య 2022లో కుదిరిన ఒప్పందం తర్వాత ఈ లెక్క మారింది. టాప్ ప్రాస్పెక్ట్ (ముందే పెద్ద పేరున్న కుర్రాడు) రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏడాది మేటి కొత్త ఆటగాడు) ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో వస్తే ఎప్పుడు పిలిచినా పూర్తి ఏడాది ఇచ్చేస్తారు. పాల్ స్కీన్స్‌ని పైరేట్స్ 2024 మేలో పిలిచారు, అతను అవార్డు గెలిచాడు, పూర్తి ఏడాది పడిపోయింది. అదే టాప్ ప్రాస్పెక్ట్‌ని మొదటి నుంచీ ఆడించి అతను గెలిస్తే టీమ్‌కి అదనపు డ్రాఫ్ట్ పిక్ వస్తది, హూలియో రోడ్రిగెజ్ 2022లో గెలిచినందుకు మారినర్స్‌కి అలాగే వచ్చింది. నా అభిప్రాయం సూటిగా చెప్తా, రెడీగా ఉన్న కుర్రాడిని రోజుల లెక్క కోసం ఆపడం ఇప్పుడు డబ్బు పరంగా కూడా తెలివైన పని కాదు, న్యాయం ఎలాగూ కాదు.

స్టెప్ 3: గడుల్లో అంకెలు

పచ్చ గడులు తేలిక. 2026కి కనీస జీతం 7,80,000 డాలర్లు, కొంచెం పెంచి 8 లక్షలు వేసేయండి. నీలం గడులు కాంట్రాక్ట్‌లో ఉన్నది ఉన్నట్టు. టీమ్ ఆప్షన్ (ఆ ఏడాది ఉంచుకోవాలా వద్దా అనేది టీమ్ ఇష్టం) ఉన్న ఏడాదికి జీతం కాకుండా, వద్దనుకుంటే కట్టాల్సిన బైఅవుట్ వేయండి. ప్లేయర్ ఆప్షన్ అయితే పూర్తి జీతం వేయండి, ఉండాలా పోవాలా అనేది అతని చేతిలో ఉంది కాబట్టి మనకి చెడ్డగా జరుగుద్దనే అనుకోవాలి.

కష్టమల్లా పసుపు గడులతోనే. పాత లెక్క ఒకటుంది, మార్కెట్ ధరలో మొదటి ఏడాది 40 శాతం, రెండో ఏడాది 60, మూడో ఏడాది 80 అని. మోటుగా ఉన్నా ఐదేళ్ళ షీట్‌కి సరిపోద్ది. అసలు గుర్తుంచుకోవాల్సింది, ఆర్బిట్రేషన్ జీతం దాదాపు ఎప్పుడూ పైకే పోద్ది, ఆట పడిపోయినా పెద్దగా దిగదు. జనవరిలో టీమ్ ఒక అంకె, ఆటగాడు ఒక అంకె ఇస్తారు, విచారణ దాకా వెళ్తే ముగ్గురు సభ్యుల ప్యానెల్ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి, మధ్యలో అంకె ఇవ్వడానికి లేదు. హోమ్ రన్లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల టీమ్‌కి వచ్చిన రన్లు), అవార్డులు ఇక్కడ బాగా పనిచేస్తాయి. స్టార్ బ్యాటర్ హువాన్ సోటో 2024కి విచారణ లేకుండానే 31 మిలియన్లకి ఒప్పుకున్నాడు, అదీ ఫ్రీ ఏజెంట్ కాకముందే.

గార్సియా గడి ఎందుకు ఎర్రబడిందో ఇప్పుడు చూడండి. 2024, 25 రెండేళ్ళకి కలిపి 14 మిలియన్ల కాంట్రాక్ట్. ఆ రెండేళ్ళూ ఆన్‌బేస్ (అవుట్ కాకుండా బేస్ చేరే సగటు) .300 కిందే. ఆలస్యంగా వచ్చినవాడు కాబట్టి 2026 మార్చికి 33 నిండుతాయి. ఇంకో ఆర్బిట్రేషన్ ఏడాది మిగిలే ఉంది, అందులో 10 మిలియన్లకి పైనే పడుద్దని అందరి అంచనా. ఆట కిందకి, జీతం పైకి, వయసు ముందుకి, ఈ మూడు గీతలు ఒకచోట కలిశాయంటే నవంబర్‌లో నాన్-టెండర్ (తర్వాతి ఏడాది కాంట్రాక్ట్ ఇవ్వకుండా వదిలేయడం) తప్పదు. క్యాచర్ జోనా హైమ్‌ని కూడా అదే రోజు వదిలేశారు, అతను 2023లో ఆల్-స్టార్. నా సలహా, ఎవరి పసుపు గడి అయినా అతని విలువ కంటే ఎక్కువయ్యేలా కనిపిస్తే 18 నెలల ముందే ఎర్రగా మార్చండి, అప్పుడైతే ట్రేడ్‌లో ఎవరో ఒకరు వస్తారు. నాన్-టెండర్ రోజు దాకా ఆగితే చేతికి ఏమీ రాదు.

స్టెప్ 4: కింద ఒక టోటల్ కాదు, రెండు

కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఒక టోటల్ ఆ ఏడాది చేతి నుంచి పోయే డబ్బు. రెండోది పన్ను లెక్క, దీన్ని కాంపిటిటివ్ బ్యాలెన్స్ ట్యాక్స్ అంటారు, అందరి నోట్లో మాత్రం లగ్జరీ ట్యాక్స్. పన్ను లెక్కలో ఏ ఏడాది ఎంత ఇచ్చావని చూడరు, మొత్తం కాంట్రాక్ట్‌ని గ్యారంటీ ఏళ్ళతో భాగించి సగటు వేస్తారు. రేంజర్స్ షార్ట్‌స్టాప్ కోరీ సీగర్‌ది 10 ఏళ్ళకి 325 మిలియన్లు, అంటే ప్రతి ఏడాదీ 32.5. దీనికి ఆటగాళ్ళ ఇన్సూరెన్స్, పెన్షన్ లాంటి బెనిఫిట్స్ కింద టీమ్‌కి 17 మిలియన్లకి పైన, ఆర్బిట్రేషన్‌కి రాని కుర్రాళ్ళ కోసం పెట్టిన 50 మిలియన్ల బోనస్ పూల్‌లో మన వాటా 1.67 మిలియన్లు కలపాలి. ఇవి మర్చిపోయి లిమిట్ కిందే ఉన్నాం అనుకునేవాళ్ళు చాలామంది.

2025 లిమిట్ 241 మిలియన్లు, 2026కి 244. దాటిన మొదటి ఏడాది దాటిన మొత్తం మీద 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. ఇది కాక 20 మిలియన్లు మించి దాటితే ఆ పై భాగం మీద ఇంకో 12 శాతం, 40 మించితే 42.5 లేదా 45, 60 మించితే 60 శాతం. 40 మించితే డబ్బుతో పాటు మొదటి డ్రాఫ్ట్ పిక్ కూడా 10 స్థానాలు కిందకి జరుగుద్ది, మరీ పైనున్న పిక్స్‌కి మాత్రం మినహాయింపు.

లెక్క వేసి చూద్దాం. 2026లో పన్ను లెక్క 274కి చేరిందనుకోండి, అంటే 30 మిలియన్లు ఎక్కువ. మొదటిసారి దాటిన టీమ్ అయితే మొదటి 20 మీద 4, మిగతా 10 మీద 3.2, మొత్తం 7.2 మిలియన్లు. రెండోసారి అయితే 6, 4.2 కలిపి 10.2. మూడోసారి అయితే 10, 6.2 కలిపి 16.2. అవే జీతాలు, అదే టీమ్, చరిత్ర మాత్రమే వేరు. అందుకే షీట్ పైన మూలలో వరసగా ఎన్నో ఏడాది దాటుతున్నామో పెద్ద అక్షరాల్లో రాసుకోండి. ఒక్క ఏడాది లిమిట్ కిందకి దిగితే మళ్ళీ 20 శాతం నుంచే మొదలు. రేంజర్స్ 2023లోనూ 2024లోనూ పన్ను కట్టారు, ఆ తర్వాత వాళ్ళు చేసిన ప్రతి పనిలో ఈ లెక్క కనిపిస్తది.

డిఫర్డ్ డబ్బు అంటే జీతం తర్వాతెప్పుడో ఇస్తామనడం. డాడ్జర్స్ స్టార్ ఒహ్తానీ తన 700 మిలియన్లలో 680 మిలియన్లు 2034 నుంచి 2043 మధ్య తీసుకుంటాడు, ఇప్పుడు ఏడాదికి 2 మిలియన్లే. రేపటి డబ్బు విలువ ఈరోజు తక్కువ కాబట్టి పన్ను లెక్కలో ఏడాదికి 70 కాకుండా సుమారు 46 మిలియన్లే పడుద్ది. అంతమాత్రాన డాడ్జర్స్ పన్ను తప్పించుకున్నారని కాదు, 2025కి 169 మిలియన్ల పైన కట్టారు. మీ టీమ్‌కి అంత ఆదాయం లేకపోతే డిఫరల్ అంటే వడ్డీకి తెచ్చిన అప్పే. మెట్స్ బాబీ బొనియాకి ఇవ్వాల్సిన 5.9 మిలియన్లని 8 శాతం వడ్డీతో వాయిదా వేసి, 2011 నుంచి 2035 దాకా ప్రతి జూలై 1న దాదాపు 1.19 మిలియన్లు కడుతూనే ఉన్నారు.

లిమిట్ దగ్గర తడబడితే ఏమవుద్దో చూడాలంటే 2023 ఏంజెల్స్. ఒహ్తానీకి అక్కడ చివరి ఏడాది, ప్లేఆఫ్ ఆశ కొద్దీ జూలైలో పిచర్ జియోలీటో లాంటి వాళ్ళని ట్రేడ్ చేసి తెచ్చారు, అందుకు మంచి ప్రాస్పెక్ట్స్‌ని ఇచ్చేశారు. ఆగస్టులో టీమ్ కుప్పకూలింది. నెలాఖరుకి ఆ తెచ్చినవాళ్ళలో కొందరినీ, ఇంకొందరినీ పన్ను తగ్గించుకోడానికి వేవర్స్‌లో (కావాల్సిన టీమ్ బదులేమీ ఇవ్వకుండా తీసుకోవచ్చని వదలడం) పెట్టారు, జియోలీటోతో సహా ముగ్గురిని క్లీవ్‌లాండ్ ఊరికే పట్టుకుపోయింది.

స్టెప్ 5: డబ్బు కంటే ఇరుకైనది, 40 కుర్చీలు

డబ్బున్న ఓనర్ పన్ను కట్టగలడు, 41వ కుర్చీ మాత్రం ఎవరూ కొనలేరు. ఈ భాగాన్ని అభిమానులు పట్టించుకోరు, నాకు మాత్రం ఇదే అన్నిటికంటే ఇష్టం.

40-మ్యాన్‌లో ఉన్న కుర్రాడిని మైనర్స్‌కి పంపాలంటే ఆప్షన్ కావాలి. మామూలుగా మూడు ఆప్షన్ ఏళ్ళు ఉంటాయి. ఒక సీజన్‌లో 20 రోజులో ఆపైనో మైనర్స్‌లో ఉంటే ఒక ఆప్షన్ ఏడాది ఖర్చయిపోద్ది, 2022 నుంచి ఒకే సీజన్‌లో ఐదు సార్లకి మించి కిందకి పంపడానికి కూడా లేదు. మూడూ అయిపోయాక పంపాలంటే వేవర్స్ మీదుగా పోవాలి, దారిలో ఎవరైనా పట్టుకుపోవచ్చు. బుల్‌పెన్‌లో (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్ల గుంపు) ఆప్షన్స్ ఉన్న పిచర్లు ముగ్గురు నలుగురు ఉంటే ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ ఆడిన మర్నాడు తాజా చేతిని తెచ్చుకోవచ్చు, అందరికీ అయిపోయి ఉంటే మేనేజర్ చేతులు కట్టేసినట్టే. మీ షీట్‌లో 2026కి ఆప్షన్స్ అయిపోయే పేర్లన్నీ ఒక పక్కకి రాసుకోండి, మార్చి నెలాఖరులో వార్తల్లో కనిపించేది వాళ్ళే.

ఇంకోవైపు నుంచి రూల్ 5 డ్రాఫ్ట్ వస్తది. 18 ఏళ్ళకో అంతకు ముందో సైన్ చేసినవాడికి ఐదు సీజన్లు, 19 నిండాక సైన్ చేసినవాడికి నాలుగు సీజన్లు రక్షణ. ఆ లోపు 40-మ్యాన్‌లో చేర్చకపోతే వేరే టీమ్ లక్ష డాలర్లు కట్టి తీసుకోవచ్చు, కాకపోతే ఆ సీజన్ అంతా మేజర్ లీగ్ రోస్టర్‌లోనే ఉంచుకోవాలి, లేదంటే వెనక్కి ఇవ్వజూపాలి. రేంజర్స్‌కి దీని దెబ్బ బాగా తెలుసు. ఓడుబెల్ హెరేరా 2014లో ఫ్రిస్కోలో ఆడాడు, 40లో చోటివ్వలేదు, డిసెంబర్‌లో ఫిలీస్ పట్టుకుపోయారు, 2016కి ఆల్-స్టార్ అయ్యాడు.

సీజన్‌లో 60 రోజుల గాయాల లిస్టులో ఉన్నవాళ్ళు 40లోకి లెక్కకి రారు, కానీ వరల్డ్ సిరీస్ అయిన ఐదు రోజులకి వాళ్ళందరూ తిరిగి లెక్కలోకి వచ్చేస్తారు. అంటే నవంబర్ మొదట్లో గాయపడ్డ నలుగురు లోపలికి, రూల్ 5 నుంచి కాపాడాల్సిన ముగ్గురు లోపలికి, ఆ ఏడు కుర్చీలు ఎవరివి? ఈ ప్రశ్నకి జవాబు జూన్‌లోనే రాసుకుని ఉండాలి, ఎందుకంటే జూలై ట్రేడ్ డెడ్‌లైన్ దాటాక ఆ అంచున ఉన్న కుర్రాళ్ళకి బేరం పలకదు. కుర్చీ కొరత ఉన్న టీమ్ జూలైలో ఇద్దరు ముగ్గురు అంచు ప్రాస్పెక్ట్స్‌ని కలిపి ఒక మంచి రిలీవర్‌ని (మధ్యలో దిగే పిచర్‌ని) తెచ్చుకుంటే అది తొందరపాటు కాదు, నవంబర్‌లో ఊరికే పోయేవాళ్ళతో సరుకు కొనుక్కోవడం.

స్టెప్ 6: గోడ కాలమ్ ఎక్కడుందో వెతకండి

ఇప్పుడు షీట్‌ని కొంచెం దూరంగా పెట్టి కాలమ్స్ కిందకి చూడండి. ప్రతి టీమ్‌కీ ఒక గోడ ఉంటది, అంటే వయసు మళ్ళినవాళ్ళ పెద్ద జీతాలు, మంచి కుర్రాళ్ళ గడువులు ఒకే చోట ఢీకొనే సంవత్సరం.

రేంజర్స్‌లో నాకు రెండు చోట్ల కనిపిస్తది. మొదటిది 2028. జేకబ్ డిగ్రామ్ 5 ఏళ్ళకి 185 మిలియన్లు, గ్యారంటీ 2027 దాకా. నేథన్ ఇయోవాల్డీ 3 ఏళ్ళకి 75, అదీ 2027 దాకా. ఇద్దరూ ఒకేసారి అయిపోతారు, సంతకం నాటి సగటులు కలిపితే 62 మిలియన్లు ఖాళీ అవుద్ది. చూడ్డానికి పండగలా ఉంటది కానీ ఇద్దరు స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) కూడా అదే రోజు పోతారు కదా, ఇది డబ్బు గోడ కాదు, పిచింగ్ గోడ. 2028లో ఆడాల్సిన పిచర్లు 2026లోనే మైనర్స్‌లో కనిపించకపోతే ఆ 62లో పెద్ద భాగం మళ్ళీ అలాంటి వాళ్ళకే పోద్ది.

రెండోది 2030, అసలైన గోడ. 2025 నవంబర్‌లో రేంజర్స్ మార్కస్ సీమియన్‌ని మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారు. సీమియన్‌కి 35 ఏళ్ళు, 2028 దాకా ఇంకా 72 మిలియన్లు ఇవ్వాలి. నిమ్మోకి 32 ఏళ్ళు, ఏడాదికి సుమారు 20 చొప్పున 2030 దాకా. ముందున్న ఏళ్ళల్లో లెక్క తేలికైంది, బ్యాటింగ్ కూడా బాగుపడుద్దని ఆశ, కానీ 2029, 2030 కాలమ్స్‌లో కొత్తగా చెరో 20 వచ్చి కూర్చున్నాయి. సీగర్ 32.5 అక్కడ ముందు నుంచే ఉంది, 2031లో అతనికి 37 నిండుతాయి. లాంగ్‌ఫర్డ్ ఖాళీ గడి సరిగ్గా 2030లోనే మొదలవుద్ది. మూడు కాలమ్స్ షీట్‌లో ఈ ట్రేడ్ ఉత్త పొదుపులా కనిపిస్తది, ఆరు కాలమ్స్ షీట్‌లో ఇది లాంగ్‌ఫర్డ్ గురించిన నిర్ణయం కూడా. ట్రేడ్ తప్పని నేననను, 35 ఏళ్ళ సెకండ్ బేస్‌మ్యాన్ కాళ్ళ మీద ఇంకో మూడేళ్ళు పందెం వేయడం కంటే నయమే. దాని ఖర్చు ఎక్కడ పడిందో మాత్రం తెలిసుండాలి.

స్టెప్ 7: ముఖ్యమైన ప్రతి పేరుకీ ఒక దారి

గోడ దొరికాక, దానికి తగిలే ఐదారు పేర్లకే ఈ పని చేయండి, నలభై మందికీ అక్కర్లేదు.

మొదటి దారి ముందే ఎక్స్‌టెన్షన్, అంటే గడువు దగ్గరపడకముందే కాంట్రాక్ట్ పొడిగించడం. 90ల మొదట్లో క్లీవ్‌లాండ్‌లో జాన్ హార్ట్ కుర్రాళ్ళతో దీన్ని మొదలుపెట్టాడు, ఇప్పుడు బ్రేవ్స్ దీని మీదే టీమ్ కట్టారు. అకూన్యా 2019లో 8 ఏళ్ళకి 100 మిలియన్లు, మైఖేల్ హ్యారిస్ 2022లో రూకీగా ఉండగానే 8 ఏళ్ళకి 72. ఆలస్యమయ్యేకొద్దీ ధర ఎలా పెరుగుద్దో చూడండి, చోరియో ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందు 8 ఏళ్ళకి 82, కోర్బిన్ క్యారల్ నెల రోజులు ఆడాక 8 ఏళ్ళకి 111, బాబీ విట్ రెండు సీజన్లు ఆడాక 11 ఏళ్ళకి 288 పైన. తప్పు కూడా జరుగుద్ది, ఫిలీస్ 2018లో స్కాట్ కింగరీకి అరంగేట్రానికి ముందే 6 ఏళ్ళకి 24 మిలియన్లు ఇచ్చారు, అది కలిసి రాలేదు. కానీ ఆ నష్టం 24 మిలియన్లు, విట్‌ని పోగొట్టుకుంటే వచ్చే నష్టంతో పోలిస్తే చిన్నది. అందుకే కుర్రాళ్ళ మీద పొరపాటు పడటానికి భయపడొద్దంటా, 31 దాటినవాళ్ళ మీద పదేళ్ళు పెట్టడానికే భయపడాలి. ఏంజెల్స్ పూహోల్స్‌కి 2011 డిసెంబర్‌లో 10 ఏళ్ళకి 240 ఇచ్చి, చివరి ఏడాది మధ్యలో రిలీజ్ చేయాల్సి వచ్చింది.

రెండో దారి ఏడాదికి ఏడాది పోవడం, ఆర్బిట్రేషన్‌తో. గాయాల చరిత్ర ఉన్నవాళ్ళకీ, ఆట మీద నమ్మకం కుదరని వాళ్ళకీ ఇదే సరి.

మూడో దారి గడువు ఉండగానే ట్రేడ్. ఎంత ముందు అమ్మితే అంత ధర. సోటో 440 మిలియన్ల ఆఫర్ వద్దన్నాక నేషనల్స్ 2022 ఆగస్టులో, ఇంకా రెండున్నర సీజన్లు మిగిలుండగా, పాడ్రేస్‌కి ఇచ్చి సీజే ఏబ్రమ్స్, మెకంజీ గోర్, జేమ్స్ వుడ్ సహా ఆరుగురిని తెచ్చుకున్నారు. ఏంజెల్స్ ఒహ్తానీని చివరి రోజు దాకా ఉంచుకున్నారు, చేతికి వచ్చింది ఒక్క డ్రాఫ్ట్ పిక్. నేనైతే రెండు సీజన్లు మిగిలినప్పుడు నిర్ణయం అని రూల్ పెట్టుకున్నా, ఆ రోజుకి ఎక్స్‌టెన్షన్ కుదరకపోతే ఫోన్లు తీయడం మొదలుపెట్టాలి. టీమ్ గెలుస్తుంటే మాత్రం ఈ రూల్ పక్కన పెట్టొచ్చు, టైటిల్ కంటే విలువైన ప్రాస్పెక్ట్ ఎవడూ లేడు.

నాలుగోది చివరి దాకా ఆడించి క్వాలిఫైయింగ్ ఆఫర్ (ఫ్రీ ఏజెంట్ అయ్యేవాడికి ఒక్క ఏడాది జీతం ఆఫర్) ఇవ్వడం. లీగ్‌లో పెద్ద జీతాలు 125 తీసి సగటు వేస్తారు, 2025 నవంబర్‌లో అది 22.025 మిలియన్లు. కాదని వేరే టీమ్‌కి పోతే మనకి డ్రాఫ్ట్ పిక్, ఔనంటే ఆ జీతం మన 2026 గడిలో. ఎవరూ ఒప్పుకోరులే అనుకోవద్దు, ఆ నవంబర్‌లోనే గ్రిషమ్, టోరెస్, వుడ్రఫ్, ఇమనాగా నలుగురూ ఒప్పేసుకున్నారు. ఆఫర్ ఇచ్చే ముందు ఆ 22ని గడిలో వేసి పన్ను టోటల్ చూడండి, చూసి గుండె జారితే ఇవ్వకండి.

ఇంకో చిన్న విషయం, పదేళ్ళ సర్వీస్, అందులో చివరి ఐదు ఒకే టీమ్‌తో అయితే ఆటగాడు ట్రేడ్ కాదనొచ్చు. ఆ తేదీ కూడా షీట్‌లో రాసుకోండి.

స్టెప్ 8: ఆదాయం వైపు

బయటి నుంచి మనకి కచ్చితంగా తెలియదు కాబట్టి దీన్ని పొడుగ్గా లాగను. లోకల్ టీవీ డబ్బు అనేది స్థిరం అనుకునే రోజులు పోయాయి. రేంజర్స్ మ్యాచ్‌లు చూపించే కంపెనీ 2023లో దివాలా పిటిషన్ వేసింది, 2025 నుంచి టీమ్ సొంత నెట్‌వర్క్ పెట్టుకుంది. ప్లేయర్లకీ ఓనర్లకీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న తీరిపోద్ది, పైన చెప్పిన లిమిట్లు, శాతాలు అన్నీ అందులోవే. కిందటిసారి 2021 డిసెంబర్‌లో మొదలైన లాకౌట్ (ఒప్పందం కుదరక ఓనర్లు ఆటగాళ్ళకి తలుపులు మూసేయడం) 99 రోజులు నడిచింది. కాబట్టి 2027 నుంచి ఉన్న కాలమ్స్‌లో పన్ను లిమిట్‌ని రెండు రకాలుగా వేయండి, ఒకటి ఇప్పటిలాగే నెమ్మదిగా పెరిగేది, ఇంకోటి 2026 దగ్గరే ఆగిపోయేది. రెండిట్లోనూ నిలబడే ప్లాన్ అయితేనే సంతకం.

స్టెప్ 9: ఎప్పుడెప్పుడు తెరవాలి

మార్చి చివర్లో ఆప్షన్స్ లేనివాళ్ళ కోసం. జూన్ మధ్యలో గోడ కాలమ్ కోసం, 40 కుర్చీల కోసం, ట్రేడ్ డెడ్‌లైన్‌కి ఆరు వారాలు ఉంటది కాబట్టి. నవంబర్‌లో దాదాపు ప్రతి వారం, ఎందుకంటే క్వాలిఫైయింగ్ ఆఫర్లు, రూల్ 5 రక్షణ, నాన్-టెండర్ మూడూ ఆ నెలలోనే వస్తాయి. జనవరిలో ఆర్బిట్రేషన్ అంకెలు వచ్చాక పసుపు గడులు సరిచేయాలి, మన అంచనా ఎంత తప్పిందో కూడా పక్కన రాసుకుంటే మరుసటి ఏడాది అంచనా బాగుపడుద్ది.

నా షీట్‌లో ఇప్పుడు లాంగ్‌ఫర్డ్ వరుస ఇలా ఉంది. 2026 పచ్చ. 2027 నుంచి 29 పసుపు. 2030, 31 ఖాళీ, వాటి పక్కన పెన్సిల్ రంగులో నేను వేసుకున్న నీలం. 2027 మొదటి ఆర్బిట్రేషన్‌కి ముందే, అంటే ఈ సీజన్ అయ్యేలోపే, కనీసం 2032 దాకా కట్టేసుకోవాలని నా కోరిక, నిమ్మో 20, సీగర్ 32.5 పక్కన ఇంకో 25 పడినా 2030 కాలమ్ పన్ను లెక్కలో భరించగలదు, మిగతా చోట్లన్నీ పచ్చ గడులుంటేనే. ఆ పచ్చ గడుల్లో ఆడాల్సిన కుర్రాళ్ళు కొందరు ఈ ఏప్రిల్‌లో ఫ్రిస్కోలో ఆడతారు, మా ఇంటికి పది నిమిషాల దూరం, సోమవారం తప్ప దాదాపు రోజూ మ్యాచ్ ఉంటది, నోట్‌బుక్ పట్టుకుని వెళ్తున్నా.